డిగ్రీ విద్యార్థులకు సొంతంగా వెతికి, వాదించి రాయడం నేర్పేదెలా?

మీరు ఈ మధ్యే డిగ్రీ క్లాసులకు రాయడం నేర్పడం మొదలుపెట్టానని, అసైన్‌మెంట్ ఇస్తే అందరూ ఇంటర్నెట్‌లోంచి నాలుగు పేరాలు తెచ్చి అతికించి ఇస్తున్నారని, క్లాసులో అరవై మంది ఉన్నారని, వాళ్లు సొంతంగా వెతికి ఆలోచించి రాయాలంటే ఏం చేయాలని అడిగారు. నేను చాలా ఏళ్లుగా చేస్తున్న పని ఇదే కాబట్టి నా క్లాసుల్లో పనిచేసినవి చెబుతాను.

ముందు ఒక విషయం. వాళ్లంతా బద్ధకంతో కాపీ కొడుతున్నారని అనుకోకండి. కొందరి సంగతి అంతే కావచ్చు గానీ, ఎక్కువ మంది చేత కాపీ కొట్టించేది మనం ఇచ్చే టాపిక్కే. "సోషల్ మీడియా – యువతపై ప్రభావం" అని ఇచ్చామనుకోండి, దాని మీద రాసినవాళ్లకు లెక్కే లేదు, విద్యార్థి కొత్తగా తేల్చాల్సింది అందులో ఏమీ లేదు, కొన్ని లాభాలు, కొన్ని నష్టాలు, చివర్లో "దేన్నైనా మితంగా వాడాలి" అని ఓ వాక్యం. ఎవరు రాసినా అలాగే ఉండే వ్యాసాన్ని కష్టపడి రాయడం ఎందుకు, ఉన్నదే తెచ్చి ఇద్దాం అని వాళ్లకు అనిపించడంలో వింతేమీ లేదు.

అందుకే నేను టాపిక్ ఇవ్వడం మానేశాను. ప్రశ్న రాసి తెమ్మంటాను. మొదటి రెండు వారాలూ వ్యాసం ఊసే ఎత్తను, ప్రశ్న మీదే పని. ఆ ప్రశ్నకు తెలివైన ఇద్దరు మనుషులు వేర్వేరు జవాబులు చెప్పగలగాలి, ఆధారాలు చూస్తే ఎంతో కొంత తేలేదిగా ఉండాలి. "మొబైల్ వాడకం మంచిదా చెడ్డదా" లాంటిది తెస్తే వెనక్కి పంపేస్తాను. ఏ వాడకం? ఎవరికి? దేనితో పోలిస్తే? ఈ మూడూ అడుగుతూ పోతే ప్రశ్న దానంతటదే చిన్నదవుతుంది. ప్రశ్న చిన్నదైన కొద్దీ కాపీ కొట్టడానికి దొరికేది తగ్గిపోతుందన్నది నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్న సంగతి.

ఒక ఉదాహరణ చెబుతాను, కొంచెం వివరంగానే. ఒక అబ్బాయి "టెక్నాలజీ – చదువు" అని తెచ్చాడు. పైన చెప్పినట్టు అడగ్గా అడగ్గా అది "క్లాసులో ల్యాప్‌టాప్‌లో నోట్స్ రాసుకునేవాళ్ల కంటే చేత్తో రాసుకునేవాళ్లకు పాఠం బాగా అర్థమవుతుందా?" అనే దగ్గరికి వచ్చింది. చేత్తో రాస్తేనే మంచిదని అతని గట్టి నమ్మకం. వెతికితే 2014లో పామ్ మ్యూలర్, డేనియల్ ఓపెన్‌హైమర్ రాసిన పరిశోధన పత్రం దొరికింది. ల్యాప్‌టాప్ వాడినవాళ్లు విన్నది విన్నట్టు ఎక్కువగా టైప్ చేసుకుంటూ పోయారని, విషయం అర్థమైందా లేదా అని పరీక్షించే ప్రశ్నల్లో చేత్తో రాసుకున్నవాళ్లే మెరుగ్గా చేశారని అందులో ఉంది. ఇంకేముంది, ఆధారం దొరికింది, రాసేస్తానన్నాడు. "వాళ్ల తర్వాత ఎవరైనా ఇదే ప్రయోగం మళ్లీ చేసి చూశారేమో వెతికావా?" అని అడిగాను. పరిశోధన పత్రాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఒక్కో పత్రం కింద, దాన్ని తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో చూపించే లింకు ఉంటుంది, చాలామంది విద్యార్థులు దాని జోలికే పోరు. అది నొక్కి చూస్తే 2019లో ఒక బృందం, 2021లో ఇంకో బృందం అదే ప్రయోగాన్ని తిరిగి చేశాయని తెలిసింది. 2021 వాళ్లకు కూడా ల్యాప్‌టాప్ వాడినవాళ్లు ఎక్కువ పదాలు, విన్నవి విన్నట్టు రాసుకున్నారని కనిపించింది గానీ, పరీక్షలో మాత్రం చేత్తో రాసినవాళ్లకు చెప్పుకోదగ్గ ఆధిక్యం కనిపించలేదు. అతను డీలా పడిపోయి వచ్చి "మేడమ్, నా పాయింట్ పోయింది, ఇంకో ప్రశ్న తీసుకోనా?" అన్నాడు.

ఆ ఘడియ కోసమే నేను ఇదంతా చేయిస్తాను. నమ్మకానికీ ఆధారానికీ పొత్తు కుదరని చోటే రాయడానికి అసలు పని దొరుకుతుంది. "పోయింది నీ పాయింట్ కాదు, నీ తొందర" అని చెప్పి మూడు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదవమన్నాను. అతను చివరికి నిలబెట్టిన వాదన ఇది: చేత్తో రాస్తే బాగా అర్థమవుతుందన్న మాటకు ఉన్న ఆధారం మనం అనుకున్నంత గట్టిది కాదు, కాబట్టి క్లాసులో ల్యాప్‌టాప్‌లను నిషేధించాలనుకుంటే ఈ ఒక్క కారణం చాలదు, వేరే కారణాలు చూపించాలి. మొదట అనుకున్నదాని కంటే చిన్న వాదనే, కానీ ఎవరు వచ్చి ప్రశ్నించినా అతను జవాబు చెప్పుకోగలడు.

ఇక వెతకడం గురించి. "మంచి సోర్సులు వాడండి" అని చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. దానికి బదులు, ఒక్క అంకెను దాని పుట్టిల్లు దాకా పట్టుకుని వెళ్లే పని ఇవ్వండి. నేను తరచూ ఇచ్చేది బంగారు చేప కథ. మనుషుల ఏకాగ్రత 2000లో 12 సెకన్లు ఉండేదట, తర్వాత 8 సెకన్లకు పడిపోయిందట, బంగారు చేపకే 9 సెకన్లు ఉంటుందట. పిల్లల వ్యాసాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఇది ఎక్కడ మొదలైందో కనుక్కోండి అంటాను. చాలామంది మైక్రోసాఫ్ట్ కెనడా 2015లో వేసిన రిపోర్టు దగ్గర ఆగి, అంత పెద్ద కంపెనీ చెప్పింది కదా అంటారు. ఆ రిపోర్టు తెరిచి చూస్తే ఆ అంకెలు వాళ్లు కొలిచినవి కావు, స్టాటిస్టిక్ బ్రెయిన్ అనే వెబ్‌సైట్ నుంచి తీసుకున్నవి. ఆ వెబ్‌సైట్ వెనక ఏముందని ఆరా తీసిన విలేకరులకు ఈ అంకెలను బలపరిచే పరిశోధన ఏదీ దొరకలేదు. ఒక్కసారి ఈ పని సొంత చేతులతో చేసిన విద్యార్థి ఆ తర్వాత ఏ అంకె కనిపించినా "ఇది ఎవరు కొలిచారు?" అని అడగడం మొదలుపెడతాడు. ఆ అలవాటు వంద ఉపన్యాసాలతో రాదు.

వెబ్‌సైట్లను నమ్మాలో లేదో తేల్చుకునే పద్ధతి కూడా నేర్పాలి. స్టాన్‌ఫర్డ్‌లో సామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ 2017లో వెలువరించిన అధ్యయనం ఈ విషయంలో నాకు చాలా ఉపయోగపడింది. పీహెచ్‌డీలు చేసిన చరిత్రకారులు, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, వృత్తిరీత్యా వార్తల్లో నిజానిజాలు తేల్చేవాళ్లు, ఈ మూడు రకాల వాళ్లకూ తెలియని వెబ్‌సైట్లు ఇచ్చి చూశారు. చరిత్రకారులు, విద్యార్థులు చాలావరకు ఆ పేజీలోనే ఉండిపోయి కిందికీ పైకీ చదివి, లోగో బాగుందనో డొమైన్ పేరు గంభీరంగా ఉందనో మోసపోయారు. నిజనిర్ధారణ వాళ్లు మాత్రం పేజీ తెరిచిన కాసేపటికే దాన్ని వదిలేసి, కొత్త ట్యాబ్‌లు తెరిచి ఆ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చింది వాళ్లే. అందుకే నా క్లాసులో "అబౌట్ అస్ చదవడం తర్వాత, ముందు బయటికి వెళ్లి అడుగు" అని చెబుతాను. వికీపీడియా కూడా వాడొద్దని నేను అనను, ఆ పేజీ అడుగున ఉన్న సోర్సుల కోసం వాడమంటాను.

నోట్స్ ఎలా రాసుకోవాలో చాలామంది టీచర్లు చెప్పరు, నా ఉద్దేశంలో కాపీ మొదలయ్యేది అక్కడే. పేజీని రెండు నిలువు భాగాలు చేయించండి. ఎడమ పక్క ఆ రచయిత ఏమంటున్నాడో, పేజీ నంబరుతో సహా. కుడి పక్క దానికి నువ్వు ఏమంటావు, ఒప్పుకుంటావా, అనుమానం ఉందా, ఇంకెవరైనా దీనికి అడ్డం చెప్పారా. ఎడమ పక్క రాసేటప్పుడు పత్రం మూసేసి రాయాలి, తర్వాత తెరిచి సరిచూసుకోవాలి. కుడి పక్క ఖాళీగా ఉంటే నేను డ్రాఫ్ట్ చదవను. ఎందుకంటే కుడి పక్క రాసినవే రేపు వ్యాసం అవుతాయి, ఎడమ పక్కవి వాటికి ఆధారాలు అవుతాయి.

ఇప్పుడు వాదన. స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1958లో వాదనను భాగాలుగా విడదీసి చూపించాడు. నేను అందులో మూడే తీసుకుంటాను: నువ్వు ఏమంటున్నావు, దేన్ని చూపించి అంటున్నావు, ఆ చూపించినదానికీ నువ్వు అన్నదానికీ సంబంధం ఏమిటి. మొదటి రెండూ పిల్లలు ఎలాగోలా రాస్తారు. మూడోది దాదాపు ఎవరూ రాయరు, అది తమ మనసులో ఉంది కాబట్టి కాగితం మీద కూడా ఉందనుకుంటారు.

"చాలామంది విద్యార్థులకు నిద్ర చాలడం లేదు, కాబట్టి కాలేజీలు ఆలస్యంగా మొదలవ్వాలి" అని ఒకమ్మాయి రాసింది. నిద్ర చాలడం లేదని సర్వేలు కూడా చూపించింది. ఇక్కడ లేని మాట ఏమిటో చెప్పమని బోర్డు మీద రాస్తే కాసేపటికి ఎవరో పట్టుకున్నారు: ఆలస్యంగా మొదలైతే పొద్దున ఎక్కువసేపు పడుకుంటారని గ్యారంటీ ఏమిటి, రాత్రి ఇంకాసేపు మేలుకుంటారేమో? ఆ అమ్మాయి మళ్లీ వెతికింది. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో హైస్కూళ్ల వేళను 7:50 నుంచి 8:45కి మార్చారని, పిల్లల నిద్ర రోజుకు సుమారు 34 నిమిషాలు పెరిగిందని 2018లో వచ్చిన పత్రం దొరికింది. బాగుంది, కానీ వెంటనే ఇంకొకరు లేచి అవి హైస్కూలు పిల్లల లెక్కలు కదా, కాలేజీ వాళ్లకు ఎలా వర్తిస్తాయన్నారు. ఆ ప్రశ్నకు జవాబు రాయడానికే ఆమెకు ఇంకో పేజీ పట్టింది, వ్యాసం మొత్తంలో బాగా వచ్చిన పేజీ కూడా అదే.

పూర్వపక్షం మీద నేను చాలా పట్టుబడతాను. అవతలివాళ్ల వాదనను రెండు ముక్కల్లో వెక్కిరించినట్టు రాసి కొట్టేయడం కుదరదు, ఆ అభిప్రాయం ఉన్న క్లాస్‌మేట్‌కి ఆ పేరా ఇచ్చి చదివించాలి, "అవును, నేను అనేది ఇదే, నాకంటే బాగా చెప్పావు" అని వాళ్లు అనేదాకా తిరగరాయాలి. ఇది విద్యార్థులకు చాలా కష్టంగా ఉంటుంది, కొంతమంది నాతో గొడవ కూడా పెట్టుకుంటారు. అయినా వదలకండి. ఇలా రాసే క్రమంలోనే కొందరి అభిప్రాయం మారిపోతుంది, మారనివాళ్ల వాదన గట్టిపడుతుంది.

చాట్‌జీపీటీ లాంటివాటి గురించి కూడా చెప్పాలి, ఇప్పుడు అది లేకుండా ఈ జవాబు పూర్తి కాదు. నిషేధం పెట్టి పట్టుకోవడానికి తిరగడంలో నాకు నమ్మకం లేదు. ఒకే నియమం పెడతాను: నువ్వు పేర్కొన్న ప్రతి పత్రాన్నీ నా ఎదురుగా తెరిచి, నువ్వు వాడిన వాక్యం ఎక్కడుందో చూపించాలి. ఈ యంత్రాలు లేని పత్రాలను కూడా రచయితల పేర్లతో సహా నమ్మకంగా పుట్టిస్తాయి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని కేసులను కోర్టుకు ఇచ్చిన పత్రంలో పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చిన సంగతి చెబితే క్లాసంతా చెవులు రిక్కించి వింటుంది. సోర్సులను ఎలా పేర్కొనాలో చెప్పే ఎంఎల్ఏ (MLA), ఏపీఏ (APA) లాంటి రెఫరెన్స్ పద్ధతులు ఒక గంటలో చెప్పేసేవే, వాటి మీద సెమిస్టర్ ఖర్చు చేయకండి.

మార్కుల సంగతి. మార్కులన్నీ చివరి వ్యాసానికే పెడితే, చివరి రాత్రి రాసేస్తారు. నేను సగం మార్కులు ప్రశ్నకు, నోట్స్‌కు, మొదటి డ్రాఫ్ట్‌కు ఇస్తాను. మొదటి డ్రాఫ్ట్ దిద్దేటప్పుడు స్పెల్లింగు, వ్యాకరణం ముట్టుకోకండి. తప్పులన్నింటికీ ఎర్ర గీతలు పెడితే వాళ్లు ఆ గీతలు సరిచేసి అదే వాదన తిరిగి ఇస్తారు. రెండే రెండు వ్యాఖ్యలు రాయండి, రెండూ వాదన గురించే, వీలైతే ప్రశ్నల రూపంలో: "ఈ అంకె ఎవరు కొలిచారు?", "ఇది నిజమే అయినా, దీన్నుంచి అది ఎలా వస్తుంది?"

మీ క్లాసులో అరవై మంది అన్నారు కాబట్టి పెద్ద వ్యాసాలు పెట్టకండి, చదవలేక మీరే అలిసిపోతారు. రెండు పేజీలవి చాలు, ఒక ప్రశ్న, మూడు సోర్సులు, ఒక పూర్వపక్షం. ప్రశ్నల దశలో జంటలుగా కూర్చోబెట్టి ఒకరి ప్రశ్నను ఇంకొకరు "ఏది? ఎవరికి? దేనితో పోలిస్తే?" అని అడుగుతూ చిన్నది చేయమనండి, అప్పుడు మీ దగ్గరికి వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. ఇద్దరూ తేల్చుకోలేకపోయిన ప్రశ్నలు మాత్రం మీరు చూస్తే సరిపోతుంది. మొదటి వారం బంగారు చేపతో మొదలుపెట్టండి, దానికి ముందస్తు తయారీ ఏమీ అక్కర్లేదు, ఫోన్లు ఉంటే చాలు.