పార్కింగ్ పిల్లర్లో రింగులు

ప్రశ్న: విజయవాడలో స్టిల్టు పార్కింగ్ (గోడల్లేకుండా పిల్లర్ల మీదే నిలిచే కింది అంతస్తు) మీద పది అంతస్తులు లేపుతున్నారు. పిల్లర్ నిలువు ఊచల చుట్టూ కట్టే రింగుల కొనలను మేస్త్రి 90 డిగ్రీలకే వంచుతున్నాడు. ఫర్వాలేదా?

జవాబు: ఒప్పుకోవద్దు. భూమి ఊగినప్పుడు పిల్లర్ పైపెచ్చు రాలిపోతుంది. 90 డిగ్రీల కొన అప్పుడు విప్పుకుంటుంది, నిలువు ఊచలు బయటికి ఉబ్బుతాయి, లోపలి కాంక్రీటు పిండి అవుతుంది. కొన 135 డిగ్రీలు వంగి కాంక్రీటు గుండెలోకి దిగాలి, 8 మి.మీ. రింగుకు వంపు తర్వాత కనీసం 65 మి.మీ. ఉండాలి.

భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 (2016) ప్రకారం, 300×450 మి.మీ. పిల్లర్, 16 మి.మీ. ఊచలు, బీముల మధ్య 3 మీటర్లు అనుకుంటే, పైన, కింద 500 మి.మీ. మేర రింగులు 75 మి.మీ.కొకటి పడాలి. బీము కలిసే జాయింటులోనూ రింగులు ఆగకూడదు. చెయ్యి దూరదని చాలాచోట్ల వదిలేసేది అక్కడే. ఊచల అతుకులు పిల్లర్ నడిమి సగంలోనే వెయ్యాలి.

అయితే రింగులొక్కటే చాలవు. పై అంతస్తులకు ఇటుక గోడల బిగువుంటుంది, పార్కింగుకు ఉండదు; ఊపంతా అక్కడి పిల్లర్ల మీదే పడుతుంది. 2001 భుజ్ భూకంపానికి 200 కి.మీ. పైగా దూరాన, అహ్మదాబాద్‌లో ఇలాంటి భవనాలు కూలాయి. పునాది నుంచి పైదాకా, రెండు దిశల్లోనూ షియర్ వాల్స్ (ఊపును తట్టుకునే ఊచల కాంక్రీటు గోడలు) ఉన్నాయా? స్ట్రక్చరల్ డ్రాయింగు తీయించి చూడండి.