పాత మెషిన్‌కి కొత్త ప్యానెల్: గేటు సంగతి, వేడి సంగతి

ప్రశ్న: సార్, మాది జీడిమెట్లలో చిన్న యూనిట్. 150 టన్నుల పాత ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషిన్‌కి రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) ప్యానెల్ తీసేసి పీఎల్‌సీ (మెషిన్‌ని ప్రోగ్రామ్‌తో నడిపే చిన్న కంప్యూటర్), టచ్ స్క్రీన్ పెట్టిస్తున్నాం. ప్యానెల్ కట్టే అతను సేఫ్టీ గేటు స్విచ్‌లు, ఎమర్జెన్సీ బటన్ అన్నీ పీఎల్‌సీకే ఇచ్చేద్దాం, ప్రోగ్రామ్‌లో చూసుకుంటాను, వైరింగ్ తగ్గుతుంది అంటున్నాడు. ఇంకోటి, ట్రయల్‌లో బ్యారెల్ (ప్లాస్టిక్ కరిగే గొట్టం) రెండో జోన్‌లో పీపీ (పాలీప్రొపిలీన్) ప్లాస్టిక్ మాడు వాసన వచ్చింది, స్క్రీన్ మీద మాత్రం సెట్ చేసిన 210 డిగ్రీలే ఉంది. టెంపరేచర్ కంట్రోలర్ మార్చాలా?

జవాబు: కంట్రోలర్ తర్వాత, ముందు గేటు. ఆ మాటకి ఒప్పుకోకండి. పీఎల్‌సీ ఔట్‌పుట్ రిలేలో కాంటాక్టు అతుక్కుపోయిందనుకోండి, ప్రోగ్రామ్ ఆపమన్నా వాల్వ్‌కి కరెంటు వెళ్తూనే ఉంటుంది, డై (అచ్చు) మూసుకుంటూనే ఉంటుంది, ఆ సమయంలో పీసు తీయడానికి ఆపరేటర్ చెయ్యి లోపల ఉంటే ఇక చెప్పేదేముంది. గేటు స్విచ్‌లు, ఎమర్జెన్సీ బటన్ నేరుగా సేఫ్టీ రిలేకి (ప్రోగ్రామ్‌తో పని లేకుండా కరెంటు తెంచే రిలేకి) వెళ్లాలి, ఆ రిలే ఆఫ్ అయితే డై మూసే వాల్వ్‌కి సప్లయే తెగిపోవాలి. స్క్రీన్ మీద చూపించడానికి కావాలంటే పీఎల్‌సీకి ఇంకో కాంటాక్టు ఇవ్వమనండి. బటన్‌కి ఎన్‌సీ కాంటాక్టు (మామూలుగా కలిసే ఉండి, నొక్కితే విడిపోయేది) వాడితే వైరు తెగినా మెషిన్ ఆగుతుంది. గేటు తెరవగానే అడ్డంగా పడే ఇనుప కడ్డీ, గేటుతో నడిచే హైడ్రాలిక్ వాల్వ్ మీ మెషిన్‌కి ఉంటే, కొత్త ప్యానెల్ వచ్చింది కదా అని వాటిని పీకనివ్వకండి. ప్రొడక్షన్ టెన్షన్‌లో గేటు స్విచ్‌ని తాడుతో కట్టేసి నడిపిన షెడ్లు నేను చూశాను, మీ దగ్గర ఆ పని ఎవరు చేసినా వెంటనే ఆపించండి.

ఇక వేడి. కంట్రోలర్ కొనకండి, నా అనుమానం కేబుల్ మీద. మన ఎలక్ట్రీషియన్లకి ఎరుపంటే ప్లస్ అని అలవాటు, కానీ అమెరికా రంగుల పద్ధతిలో వచ్చే థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) కేబుల్‌లో ఎరుపే మైనస్. ఒక్క చివర తిరగబడితే వెంటనే తెలిసిపోతుంది, వేడి పెరిగేకొద్దీ రీడింగ్ తగ్గుతుంది. రెండు చివర్లా తిరగబడితేనే కష్టం, పైకి అంతా సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది. బ్యారెల్ దగ్గర థర్మోకపుల్, కేబుల్ కలిసే జాయింట్ 60 డిగ్రీలు, ప్యానెల్ లోపల 35 అనుకుంటే తేడా 25, రీడింగ్ దానికి రెట్టింపు, అంటే 50 తక్కువ వస్తుంది. స్క్రీన్ మీద 210, బ్యారెల్‌లో 260! థర్మోకపుల్‌కి వాడాల్సిన కాంపెన్సేటింగ్ కేబుల్ బదులు మామూలు రాగి వైరు లాగినా ఆ 25 డిగ్రీల తేడా తప్పదు.

పరీక్ష మీ షెడ్‌లోనే చేసుకోవచ్చు. ముందు హీటర్ల సప్లయ్ ఆపేయండి, ఇది మర్చిపోతే బయటికి తీసిన థర్మోకపుల్ చల్లగా ఉంది కాబట్టి కంట్రోలర్ బ్యారెల్‌ని ఆగకుండా కాలుస్తుంది. మెషిన్ చల్లారాక థర్మోకపుల్ కొసని మరుగుతున్న నీళ్లలో పెట్టండి. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, 100 రాలేదని కంగారు పడొద్దు. 98 చూపించిందా, సెన్సర్, కంట్రోలర్ రెండూ మంచివే, జాయింట్ వేడెక్కినప్పుడే అబద్ధం చెబుతోంది, కేబుల్ చూడండి. 80ల్లో ఆగిపోయిందా, కె రకం సెన్సర్‌కి కంట్రోలర్‌లో జె అనే ఇంకో రకం సెట్ చేసి ఉంటారు, అలాంటప్పుడు 210 చూపిస్తూ లోపల 270 దాకా పోతుంది. తిరిగి బిగించేటప్పుడు కొస రంధ్రం అడుగుకి తగిలేలా చూడండి, వదులుగా ఉన్నా రీడింగ్ తక్కువే వస్తుంది.

హీటర్లకి ఎస్ఎస్ఆర్‌లు (కదిలే కాంటాక్టులు లేని ఎలక్ట్రానిక్ రిలేలు) పెడుతుంటే ఒక్క మాట. అవి పాడైతే ఎక్కువగా షార్ట్ అయిపోతాయి, అంటే హీటర్ ఆన్‌లోనే ఉండిపోతుంది, కాబట్టి పైన ఒక కాంటాక్టర్ (పెద్ద కరెంటుని తెంచే రిలే) ఉంచి ఓవర్ టెంపరేచర్ అలారంతో అది ఆఫ్ అయిపోయేలా పెట్టించండి. చివరి బిల్లు ఇచ్చే ముందు పీఎల్‌సీ ప్రోగ్రామ్ కాపీ, పాస్‌వర్డ్ మీ చేతికి తీసుకోండి, రేపు ఆ మనిషి ఫోన్ ఎత్తకపోయినా మెషిన్ నడపాల్సింది మీరే.