టెక్ సందేహాలు: గొంతు మధ్యలో నిలవాలంటే

ప్రశ్న: మాది విజయనగరం. బాస్ పలికే ఆరున్నర అంగుళాల ఊఫర్లు, ట్రెబుల్ పలికే అంగుళం డోమ్ ట్వీటర్లు కొని ప్లైవుడ్ పెట్టెల్లో స్పీకర్లు చేసుకున్నాను. బాస్ బాగుంది, ట్రెబుల్ కూడా స్పష్టంగానే ఉంది. కానీ ఘంటసాల పాట పెడితే గొంతు ఒకచోట నిలవడం లేదు, గదంతా పరుచుకుపోతోంది. నేను కాస్త పక్కకి జరిగితే ఆ పక్క స్పీకర్లోకి వెళ్లిపోతోంది. గది 10 × 12 అడుగులు, సిమెంటు గోడలు, టైల్స్ నేల. ఖరీదైన ట్వీటర్లు కొనాలా, వేవ్‌గైడ్ పెట్టాలా?

జవాబు: ట్వీటర్లు మార్చకండి, వాటి ముందు గరాటులాంటి వేవ్‌గైడ్ పెట్టండి. పరీక్షకి మీరు ఎంచుకున్న పాట మాత్రం సరైనదే. ఘంటసాల పాటల్లో ఎక్కువ భాగం మోనో రికార్డింగులు. రెండు స్పీకర్లలోనూ అచ్చంగా ఒకే శబ్దం వస్తుంది కాబట్టి గొంతు రెండింటికీ నట్టనడుమ, మనిషి తలకాయంత వెడల్పులో నిలవాలి. ఆయన సంగీతం నేర్చుకున్న ఊళ్లోనే ఆయన గొంతు చెదిరిపోతోందంటే నాకు మనసొప్పడం లేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏదో ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తీగలు తారుమారైనా గొంతు ఇలాగే చెదురుతుంది. అయితే అప్పుడు బాస్ కూడా పలచబడుతుంది. మీకు బాస్ బాగుందంటున్నారు కాబట్టి అది కాకపోవచ్చు, అయినా ఒకసారి చూసుకోండి.

అసలు చిక్కు ఏమిటంటే ఊఫర్, ట్వీటర్ శబ్దాన్ని చెరో వెడల్పులో చల్లుతున్నాయి. ఆరున్నర అంగుళాల ఊఫర్లో కదిలే కోన్ వ్యాసం సుమారు 13 సెంటీమీటర్లు. మీ క్రాసోవర్ (కింది స్వరాల్ని ఊఫర్‌కీ, పై స్వరాల్ని ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) 2,500 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుందాం. అక్కడ శబ్ద తరంగం పొడవు 14 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. తరంగం పొడవు కోన్ వ్యాసానికి దగ్గరయ్యేసరికి ఊఫర్ శబ్దం టార్చిలైటు వెలుగులా ముందుకే కుదించుకుంటుంది, దాదాపు 90 డిగ్రీలకి. సరిగ్గా అక్కడే ట్వీటర్ అందుకుంటుంది. పాతిక మిల్లీమీటర్ల డోమ్ ముందు ఆ తరంగం చాలా పెద్దది. అందుకని అది 180 డిగ్రీలకీ చల్లేస్తుంది. ఎదురుగా కూర్చున్న మీకు రెండూ సమంగానే అందుతాయి. పక్క గోడకి మాత్రం ఊఫర్ శబ్దం కొంచెం, ట్వీటర్ శబ్దం బోలెడు వెళ్తుంది.

ఇప్పుడు గోడ సంగతి. స్పీకర్లు పక్క గోడలకి రెండేసి అడుగుల దూరంలో, మీరు ఆరున్నర అడుగుల ఎదురుగా ఉన్నారనుకుంటే, నేరుగా వచ్చే శబ్దం ఏడడుగుల చిల్లర నడుస్తుంది. గోడకి తగిలి వచ్చేది తొమ్మిదిన్నర. అంటే సుమారు 2 మిల్లీసెకన్ల ఆలస్యం. అంత తక్కువ తేడాని మన చెవి ప్రతిధ్వనిగా వినదు, ముందొచ్చిన శబ్దంలోనే కలిపేసుకుంటుంది. 1940ల చివర్లో జర్మనీలో హెల్ముట్ హాస్ దీనిమీదే పరిశోధన చేశాడు, హాస్ ఎఫెక్ట్ అనే పేరు అలా వచ్చింది. కలిపేసుకుంటుంది గానీ, ఆ కలయికలో గొంతు అంచులు చెదిరి వెడల్పవుతుంది. మీరు వింటున్నది అదే.

వేవ్‌గైడ్ అంటే ట్వీటర్ ముందు అమర్చే గరాటు. హార్న్ కూడా ఈ కుటుంబానిదే. హార్న్‌ని ముఖ్యంగా శబ్దం పెంచడానికి వాడితే, దీన్ని దిశ చూపడానికి, అంటే ట్వీటర్ కూడా ఊఫర్‌లాగే 90 డిగ్రీలకే చల్లేలా చేయడానికి వాడతాం. దాని నోరు ఎంత ఉండాలో చెప్పే సులువైన లెక్కని డాన్ కీల్ అనే ఇంజనీరు 1970లలో ఇచ్చాడు. మన కొలతల్లో చెప్పాలంటే, నోటి వెడల్పుని సెంటీమీటర్లలో తీసుకుని, కోణాన్ని డిగ్రీల్లో తీసుకుని రెంటినీ గుణించి, 25 లక్షల్ని ఆ లబ్ధంతో భాగించాలి. పై నుంచి కిందికి, వచ్చిన హెర్ట్జ్ దాకా ఆ గరాటు శబ్దాన్ని అదుపులో ఉంచుతుంది; అంతకన్నా కింద ఉంచలేదు. 16 సెంటీమీటర్ల నోరు, 90 డిగ్రీలు అయితే సుమారు 1,736 హెర్ట్జ్. మీ 2,500కి ఇది చాలు. పది సెంటీమీటర్ల గరాటు అయితే 2,778 వస్తుంది, అంటే మీకు కావాల్సిన చోటే చేతులెత్తేస్తుంది. చిన్న గరాటు అమర్చి లాభం లేదన్నవాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఆకారానికి లెక్క: గరాటు గొంతు (ట్వీటర్ వైపు ఉండే సన్నటి రంధ్రం) వ్యాసార్థం వర్గానికి లోతు వర్గం కలిపి వర్గమూలం తీయండి. 90 డిగ్రీల గరాటుకి ఆ లోతులో ఉండాల్సిన వ్యాసార్థం అదే. గొంతు వ్యాసార్థం 1.3 సెంటీమీటర్లయితే, 1 సెంటీమీటరు లోతుకి 1.64, 2కి 2.39, 3కి 3.27, 6కి 6.14. అక్కడి నుంచి అంచుని గుండ్రంగా తిప్పి బాఫిల్లో (పెట్టె ముందు పలకలో) కలిపేయండి. పదునుగా వదిలేస్తే ఆ అంచే మరో చిన్న స్పీకర్లా శబ్దం చల్లుతుంది. డోమ్‌కీ గొంతుకీ మధ్య మెట్టు, సందు ఉండకూడదు. 15,000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2.3 సెంటీమీటర్లే కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్లు కూడా లెక్కలోకి వస్తాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణలు చేస్తారు, కర్ర తొలిచే చేతులు మీ జిల్లాకి కొత్త కాదు. ఈ కొలతలకి అట్ట కత్తిరించి లేత్ ఉన్న వడ్రంగికి ఇవ్వండి. త్రీడీ ప్రింట్ అయితే గోడలు మందంగా పెట్టించండి.

వేవ్‌గైడ్ బిగించాక పాత క్రాసోవర్ పనికిరాదు. గరాటు ట్వీటర్ కింది భాగాన్ని, సుమారు 2,000 నుంచి 5,000 దాకా, ఎక్కువగా లేపుతుంది. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు కెపాసిటర్ మార్చకుండానే వినేశాను. గాయని గొంతు గరగరలాడింది, తప్పు గరాటుదే అనుకుని వారం రోజులు మూలన పెట్టాను. ట్వీటర్‌కి రెసిస్టర్లు పెంచి, క్రాసోవర్ మళ్లీ కట్టాకే దాని విలువ తెలిసింది.

ఇక స్పీకర్లని తిప్పే కోణం. మామూలుగా స్పీకర్ మొహం వినేవాడి వైపు తిప్పుతాం. మీరు ఇంకా లోపలికి, 45 డిగ్రీలు తిప్పండి. రెండు స్పీకర్ల చూపులూ మీకు మూడున్నర అడుగుల ముందే కలుసుకుంటాయి. ఇప్పుడు మీరు చూపు రేఖకి సుమారు 20 డిగ్రీల పక్కన ఉంటారు, దగ్గరి గోడ 90 డిగ్రీలు దాటి పక్కన ఉంటుంది. గోడకి వెళ్లే ట్రెబుల్ బాగా తగ్గిపోతుంది. మీరు ఎడమకి జరిగారనుకోండి, ఎడమ స్పీకర్ దగ్గరవుతుంది గానీ దాని చూపు మీనుంచి తప్పుకుంటుంది, కుడి స్పీకర్ చూపు మీమీద పడుతుంది. ముందొచ్చే శబ్దం తగ్గి, వెనకొచ్చేది పెరిగి గొంతు మధ్యకి సర్దుకుంటుంది. మంచం మీద ఇద్దరు కూర్చున్నా ఇద్దరికీ పాట మధ్యలోనే వినిపిస్తుంది. మామూలు డోమ్‌తో ఇది ఇంత బాగా కుదరదు.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి. మా ఇంట్లో బూడితి ఇత్తడి గిన్నెలు ఉన్నాయి. అడుగున రంధ్రం చేసి వేవ్‌గైడ్‌గా వాడొచ్చా? లేదా పాత మైకు సెట్టు గొట్టాలు?

జవాబు: గిన్నెకి రంధ్రం చేయకండి. అడుగు వెడల్పుగా ఉండి గోడలు నిటారుగా లేచే ఆకారం మనకు కావాల్సినదానికి తలకిందులు. పైగా ఇత్తడి మోగుతుంది, ప్రతి స్వరానికీ తన స్వరం కలుపుతుంది. మైకు గొట్టం మడత హార్న్. జాతరలో మాట దూరానికి వినిపించడానికి చేసింది, పై స్వరాలు అందులో పలకవు. హార్నే కావాలంటే అంగుళం కంప్రెషన్ డ్రైవర్ (హార్న్ వెనక బిగించే యూనిట్), దానికి తగిన వేవ్‌గైడ్ తీసుకోండి. దాని సెన్సిటివిటీ (అదే కరెంటుకి ఎంత గట్టిగా పలుకుతుందనే కొలత) 105 డెసిబెల్స్ పైనే ఉంటుంది, ఊఫర్ 88 దగ్గర ఉంటే అంత తేడానీ రెసిస్టర్లతో తగ్గించాలి.

ప్రశ్న: టెక్కలి నుంచి. స్పీకర్ ఏ దిశలో ఎంత శబ్దం చల్లుతోందో కొలవడానికి ఏ సాఫ్ట్‌వేర్?

జవాబు: రూమ్ ఈక్యూ విజార్డ్, ఉచితం. గాలి లేని సాయంత్రం స్పీకర్‌ని మేడ మీద, ట్వీటర్ మీటరున్నర ఎత్తులో ఉండేలా పెట్టండి. మైకు అదే ఎత్తులో, మీటరు దూరంలో. నేలకి తగిలి వచ్చే శబ్దం 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, ఆ తర్వాతిది సాఫ్ట్‌వేర్లో కోసేయండి. ఎదురుగా ఒకసారి, తర్వాత 15, 30, 45, 60 డిగ్రీల్లో కొలిచి గీతలన్నీ ఒకదాని మీద ఒకటి వేయండి. క్రాసోవర్ దగ్గర అవి విడిపోకుండా, ఒకదాని కింద ఒకటి వరసగా దిగాలి. ఫోన్ మైకు అసలు కొలతకి నమ్మదగింది కాదు గానీ, కోణాల మధ్య తేడా చూడటానికి సరిపోతుంది.