ఉగాది నాడు అమ్మకు ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. డాలస్ దగ్గర ఎంఎస్ చదువుతున్నాను. నిరుడు ఉగాదికి అమ్మ వీడియో కాల్‌లో పూజ, చుట్టాలు అన్నీ చూపిస్తుంటే ఏడుపు ఆగలేదు. పచ్చడి చేసుకున్నానని అబద్ధం చెప్పాను. రూమ్మేట్లు తెలుగువాళ్ళు కారు. ఈసారి 2026 మార్చి 19న పండగ అనుకుంటేనే గుబులుగా ఉంది.

జవాబు: మీ గుబులుకు సగం కారణం ఆ ఫోన్ చేసే వేళ. ఇంట్లో ఉదయం ఎనిమిదిన్నరకు పూజ హడావుడి నడుస్తుంటే మీకు అది ముందురోజు రాత్రి పది. తలంటు లేదు, కొత్తబట్ట లేదు. అలసిపోయి మంచం మీద నుంచి ఊరి పండగ చూస్తారు. అప్పుడు అమ్మకూ మీతో నిదానంగా మాట్లాడే తీరిక ఉండదు. బుధవారం రాత్రి కాల్ వద్దని ముందే చెప్పేయండి. పాడ్యమి మీకూ గురువారం ఉదయం ఉంటుంది. తలస్నానం చేసి 7కు ఫోన్ చేయండి. అక్కడ సాయంత్రం 5:30, వంటలయ్యి అమ్మ కూర్చునే సమయం. అమ్మ చూస్తుండగా పచ్చడి కలిపి, పరగడుపున తినండి.

నలుగురికైతే నిమ్మకాయంత చింతపండు రెండు కప్పుల నీళ్ళలో నానబెట్టి పిసికి, ముప్పావు కప్పు బెల్లం తురుము కరిగించి వడకట్టండి. బెల్లంలో ఇసుక ఉంటుంది, వడకట్టడం మానకండి. ఇంతవరకు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. పొద్దున అరకప్పు మామిడి ముక్కలు, సగం పచ్చిమిర్చి తరుగు, పావు చెంచా ఉప్పు, చివర్లో చెంచా ఎండు వేపపువ్వు వేయండి. పువ్వు రాత్రే వేస్తే చేదంతా నీళ్ళలోకి దిగి, తినలేరు. ఇండియన్ స్టోర్‌లో అడగండి. దొరక్కపోతే అర చెంచా కాకరకాయ తురుము చాలు. మామిడికాయ రంగు చూసి మోసపోవద్దు. సూపర్‌మార్కెట్లో తొక్క పచ్చగా ఉన్నా లోపల తీపెక్కి ఉంటుంది. నొక్కితే రాయిలా ఉన్నది తీసుకోండి.

దీపం పెట్టే ముందు లీజు చదవండి, చాలాచోట్ల మంట నిషేధం. పొగ వస్తుందని స్మోక్ అలారం బ్యాటరీ మాత్రం తీయకండి. రూమ్మేట్లకు చిన్న గ్లాసుల్లో పచ్చడి ఇచ్చి, ఆరు రుచులని చెబితే సరిపోతుంది. మరాఠీవాళ్ళుంటే వాళ్ళకూ ఆరోజే గుడి పడ్వా.

ఇక అబద్ధం సంగతి. పండగ రోజు కాకుండా ముందు వచ్చే శని, ఆదివారాల్లో చెప్పండి: ‘నిరుడు చేసుకోలేదమ్మా, నువ్వు బెంగపడతావని అలా చెప్పాను. ఈసారి నీ కొలతలు చెప్పు.’ నొచ్చుకున్నా కొలతలు తప్పక చెబుతుంది, పైన వంద జాగ్రత్తలు కూడా చెబుతుంది. విసుక్కోకుండా వినండి.

పండగ దాటి రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, క్లాసులు ఎగ్గొడుతున్నా మీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. చాలా యూనివర్సిటీల్లో ఆ ఖర్చు ఫీజులోనే కలిసి ఉంటుంది. ప్రాణాపాయం ఉంటే తప్ప, అక్కడ చెప్పింది మీ అనుమతి లేకుండా ఇంటికి చేరదు.