రెటినైటిస్ పిగ్మెంటోసా ఉంటే చూపు ఎన్నేళ్లు నిలుస్తుంది?

మీ తమ్ముడికి ఇరవై రెండో ఏట ఈ జబ్బు (కంటి వెనక తెర కణాలు మెల్లగా దెబ్బతినే జన్యు సంబంధమైన జబ్బు) ఉందని తేలిందనీ, చూపు ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పమనీ అడిగారు. నాకు ఇది పంతొమ్మిదో ఏట బయటపడింది, ఇప్పుడు నలభై ఆరేళ్లు. ఏళ్ల లెక్క ఎవరూ కట్టి చెప్పలేరు గానీ, చూపు ఏ వరుసలో తగ్గుతూ వస్తుందో నాకు తెలిసినంత చెప్తాను.

సాధారణంగా ముందు పోయేది రాత్రి చూపు. రెటీనాలో, అంటే కంటి వెనక తెరలో, మసక వెలుతురుకు పనికొచ్చే రాడ్ కణాలు సుమారు 12 కోట్లు, రంగులనూ అక్షరాలనూ పట్టుకునే కోన్ కణాలు సుమారు 60 లక్షలు ఉంటాయి. జబ్బు రాడ్లతో మొదలై, కోన్లను గట్టిగా తాకడానికి చాలా ఏళ్లు పడుతుంది. చిన్నప్పుడు కరెంటు పోతే మిగతా పిల్లలు కాసేపటికి చీకటికి అలవాటుపడి ఆడుకునేవారు, నేను అరుగు దిగేవాణ్ణి కాదు. ఇంట్లోవాళ్లు రేచీకటి అనుకుని ఏళ్ల తరబడి ఆకుకూరలు తినిపించారు. ఆకుకూరలతో తగ్గే రేచీకటి వేరు.

ఆ తర్వాత పక్క చూపు తగ్గుతుంది. ఇది పోతున్నట్టు మనకే తెలియదు, ఎందుకంటే పోయినచోట నలుపు కనిపించదు, అక్కడ ఏదో ఉందన్న ధ్యాసే ఉండదు. ముప్పై ఏళ్లప్పుడు పప్పు వైపు చూస్తే కంచం అంచున ఉన్న ఆవకాయ నాకు లేనట్టే. వెయ్యలేదేమని అడిగి మా ఆవిడ చేత ఎన్నిసార్లు అనిపించుకున్నానో. అప్పటికీ కంటి చార్టులో 6/6 వరుస, అంటే మామూలు చూపున్నవారు చదివే వరుస, తడుముకోకుండా చదివేవాణ్ణి. ఆ ధైర్యంతోనే బండి నడిపి, సందులోంచి వచ్చిన సైకిలును గుద్దాక తాళం బావమరిది చేతిలో పెట్టేశాను. అందుకే చార్టు ఒక్కటే నమ్మకండి, క్రమం తప్పకుండా ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎంత వెడల్పు వరకు అందుతుందో కొలిచే పరీక్ష) చేయించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా, అక్షరాలు చక్కగా చదవగలిగినా, చూపు పరిధి 40 డిగ్రీల లోపుంటే అల్పదృష్టిగానూ, 10 డిగ్రీల లోపుంటే అంధత్వంగానూ లెక్కిస్తుంది.

ఉన్నట్టుండి మసకబారితే మాత్రం జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు. ఈ జబ్బు ఉన్నవారికి చిన్న వయసులోనే శుక్లాలు రావచ్చు, మాక్యులాలో (రెటీనా నడిమి భాగంలో) నీరు చేరవచ్చు. రెండింటికీ వైద్యం ఉంది. నలభై ఒకటో ఏట శుక్లం తీయించుకున్నాక ఎదురు లైట్ల మిరుమిట్లు నాకు బాగా తగ్గాయి, పరిధి పెరగలేదు.

జన్యు పరీక్ష తప్పక చేయించండి. మా అమ్మానాన్నలది మేనరికం. ఈ జబ్బుకు కారణమయ్యే జన్యువులు పదుల సంఖ్యలో ఉన్నాయి, తగ్గే వేగం చాలావరకు వాటిని బట్టే ఉంటుంది. అమెరికాలో 2017లో అనుమతి పొందిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స ఆర్‌పీఈ65 అనే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్నవారికే పనికొస్తుంది.

ఇప్పుడు నాకు మిగిలింది 12 డిగ్రీలు. ఇది ఫోనులో నేనే టైపు చేశాను. కీబోర్డు మీద చూపు పెడితే పైన రాసిన వాక్యం కనిపించదు, కాబట్టి ప్రతి వాక్యానికీ రెండుసార్లు తల ఎత్తాను.