పుస్తకం మార్చే ముందు ఆ 35 సంగతి చూడండి

ప్రశ్న: నమస్కారం మేడమ్. మేము టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా బాబుకి తొమ్మిదేళ్ళు. సెకండ్ గ్రేడ్ అయ్యాక స్కూల్ మాన్పించి ఏడాదిన్నరగా ఇంట్లోనే చదివిస్తున్నాను. మిగతావన్నీ ఇష్టంగా చదువుతాడు, లెక్కల పుస్తకం తీస్తే మాత్రం ఏడుపే. మొదట రోజుకి ముప్పై లెక్కలుండే పుస్తకం కొన్నాను, మూడు నెలలు కూడా నడవలేదు. తర్వాత ఎవరో చెబితే బొమ్మల కథలతో ఉండే పుస్తకం తెప్పించాను, కథలు చదివేసి లెక్కలు వదిలేశాడు. ఇప్పటికీ 14లోంచి 6 తీసెయ్యమంటే బల్ల కింద వేళ్ళు లెక్కపెట్టుకుంటాడు. 52లోంచి 27 పోతే 35 అని రాస్తాడు. వయసు ప్రకారం ఫోర్త్ గ్రేడ్ లెక్కలు చెయ్యాలి కదా అని నాకు ఒకటే టెన్షన్. విజయవాడ నుంచి మామయ్యగారు వీడియో కాల్ చేసినప్పుడల్లా "ఎక్కాలు ఎంతవరకు వచ్చాయిరా" అని అడుగుతారు, వాడు లేచి వెళ్ళిపోతాడు. ఈసారి ఏ కరిక్యులమ్ కొనమంటారు?
ఒక తల్లి, డాలస్

జవాబు: అమ్మా, పేర్లు చెబుతాను. కానీ ముందు ఆ 35 గురించి మాట్లాడుకుందాం, మీ ఉత్తరం మొత్తంలో బాబు గురించి ఎక్కువ చెప్పింది అదే.

వాడు అశ్రద్ధగా రాయలేదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశాడు, అయిదు వచ్చింది. ఇటు అయిదులోంచి రెండు తీశాడు, మూడు వచ్చింది. అంటే వాడి కళ్ళకి 52 ఒక సంఖ్య కాదు, పక్కపక్కన నిలబడ్డ రెండు అంకెలు. అందులో అయిదు పదులూ రెండు ఒకట్లూ ఉన్నాయన్న సంగతి వాడికి చేతికి అందేలోపే పాఠం ముందుకి వెళ్ళిపోయింది. ఫోర్త్ గ్రేడ్‌లో వచ్చే పెద్ద గుణకారాలు, భాగహారాలు అన్నీ ఈ ఒక్క సంగతి మీదే నిలబడతాయి, కాబట్టి మీరు కొన్న రెండు పుస్తకాలూ చెడ్డవని నేను అనను. ఆ రెండూ వాడు ఆగిపోయిన చోటికి చాలా పైన మొదలయ్యాయి, అంతే.

ఈ వారం ఏ పుస్తకమూ వద్దు. పది డాలర్ల నోట్లు అయిదు, ఒక డాలర్ నోట్లు ఓ పన్నెండు తీసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోండి. వాడి చేతిలో 52 పెట్టి, నాకు 27 ఇవ్వమని అడగండి. రెండు పది నోట్లు ఇచ్చేస్తాడు, ఏడు ఒకట్లు ఇవ్వాలంటే చేతిలో రెండే ఉంటాయి. అక్కడ మీరు మాట్లాడకండి, ఎంతసేపైనా సరే. కాసేపటికి వాడే "అమ్మా, దీనికి చిల్లర ఇస్తావా" అంటాడు. ఆ మాట వాడి నోట రావాలి, మీరు అందించకూడదు. పది నోటు విడిపించుకుంటే వాడి దగ్గర పన్నెండు ఒకట్లు అవుతాయి, ఏడు ఇస్తే అయిదు మిగులుతాయి, పది నోట్లు రెండున్నాయి, మొత్తం 25. మన చిన్నప్పుడు దీన్నే "పక్కనుంచి అప్పు తెచ్చుకో" అని నేర్పారు. పిల్లలు మరి ఆ అప్పు ఎప్పుడు తీర్చాలి అని అడిగేవాళ్ళు, పాపం వాళ్ళ అనుమానం న్యాయమైనదే. అది అప్పు కాదు, చిల్లర మార్చుకోవడం. నేను ఇన్నేళ్ళు లెక్కలు చెప్పిన పిల్లల్లో ఈ ఒక్క మాట మార్చితే తీసివేత అర్థమైన వాళ్ళు ఎంతోమంది.

ఇంకో సంగతి, ఇది మీకు తెలుగు రావడం వల్ల కలిసొచ్చేది. ఇంగ్లీషులో ఫోర్టీన్ అంటే నాలుగు ముందు వినపడుతుంది, పది వెనక ఎక్కడో ఉంటుంది, పైగా ఫోర్టీకి దగ్గరగా ఉండి పిల్లల్ని తికమక పెడుతుంది. తెలుగులో పద్నాలుగు అనగానే పది ముందు, నాలుగు తర్వాత. పదమూడు, పదహారు, పదిహేడు అన్నీ అంతే, పన్నెండు, పంతొమ్మిది లాంటివి కాస్త అరిగిపోయి ఉన్నా పది మాత్రం ముందే ఉంటుంది. 14లోంచి 6 తియ్యాలంటే వేళ్ళు మడుస్తూ వెనక్కి లెక్కపెట్టక్కర్లేదు. పద్నాలుగులోంచి ముందు ఆ నాలుగు తీసెయ్, పది మిగిలింది, ఇంకా రెండు తియ్యాలి, ఎనిమిది. చింతగింజలు ఉంటే వాటితో, లేకపోతే రాజ్మా గింజలతో చేయించండి. వేళ్ళు వాడుకోనివ్వండి, బల్ల కింద కాదు, బల్ల మీద. దాచుకుంటున్నాడంటే ఎవరో ఎప్పుడో తప్పని చెప్పి ఉంటారు.

ఫోర్త్ గ్రేడ్ టెన్షన్ పూర్తిగా పక్కన పెట్టండి. టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌ని ప్రైవేట్ స్కూల్ కిందే లెక్క కడతారు, 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో తేల్చింది అదే. చదవడం, స్పెల్లింగ్ లాంటి వాటితో పాటు లెక్కలు కూడా చెప్పాలి అంటారే గానీ ఏ వయసుకి ఏ పుస్తకం అన్న నియమం లేదు, ప్రభుత్వ పరీక్షలు రాయించమనీ అడగరు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు సెకండ్ గ్రేడ్ లెక్కలు చేస్తే మీ ఇంటికి వచ్చి అడిగేవాళ్ళు లేరు. మీరు హోమ్‌స్కూల్ ఎంచుకున్నందుకు దొరికిన పెద్ద సౌకర్యం ఇది, దీన్ని వాడుకోకుండా స్కూల్ కంటే తొందర పెడితే ఎలా అమ్మా?

ఇక పుస్తకాలు. మీ బాబుకి నేను మొదట చూడమనేది మ్యాథ్‌-యు‌-సీ. రంగురంగుల బ్లాకులతో చేస్తూ నేర్చుకోవడం, ఒక సంగతి పట్టుబడ్డాకే ఇంకో దానికి వెళ్ళడం దాని పద్ధతి. పాఠం వీడియోలో ఉంటుంది, నేర్చుకున్నది పిల్లవాడు తిరిగి మీకు చెప్పగలిగితేనే ముందుకి. దాని స్థాయిలకి గ్రేడ్ నంబర్లు ఉండవు, ఆల్ఫా, బీటా, గామా అని గ్రీకు అక్షరాలే. అట్ట మీద "2" కనిపించదు కాబట్టి మీ వాడికి చిన్నతనంగా ఉండదు. ఆల్ఫాలో చిన్న కూడికలు, తీసివేతలు, బీటాలో చిల్లర మార్చే కూడికలు, తీసివేతలు ఉంటాయి. నా అంచనాలో మీ వాడు ఆల్ఫా చివర్లోనో బీటా మొదట్లోనో ఉంటాడు, అయినా నా అంచనా మీద కొనకండి, ఏ స్థాయిలో మొదలుపెట్టాలో చెప్పే వాళ్ళ ప్లేస్‌మెంట్ టెస్ట్ చేయించి చూసుకోండి.

మీకు రోజూ అరగంట పక్కన కూర్చునే ఓపిక ఉంటే రైట్‌స్టార్ట్ కూడా బాగుంటుంది. అయిదేసి పూసలకి రంగు మారే అబాకస్ (పూసల చట్రం), పేకముక్కల లాంటి కార్డులతో ఆటలు ఉంటాయి. అందులో చిన్నపిల్లలకి లెవెన్, ట్వెల్వ్ బదులు మొదట్లో టెన్ వన్, టెన్ టూ అని నేర్పుతారు, అంటే మన తెలుగు చేసే పనే. కానీ తల్లి లేకుండా నడవదు, ఇంట్లో చిన్నవాళ్ళు ఇంకా ఉంటే కష్టం. సింగపూర్ మ్యాథ్‌లో పట్టీల్లాంటి బార్ బొమ్మలు గీసి, మాటల్లో ఇచ్చిన లెక్కలు చేయించే తీరు నాకు చాలా ఇష్టం, మీ వాడికి మాత్రం ఇప్పుడు కాదు, పదులు, ఒకట్లు కుదిరాక. శాక్సన్ లాంటి వాటిలో పాతవి రోజూ తిప్పి తిప్పి వస్తుంటాయి, మరిచిపోయే పిల్లలకి అది మేలు, అసలు అర్థం కాని పిల్లలకి అదే తప్పు రోజూ ముప్పైసార్లు చేయించినట్టు. ఖాన్ అకాడమీ ఉచితం, పక్కన సాధనకి వాడుకోండి. ఏది కొన్నా ఒక్క లెవెల్ మాత్రమే కొనండి, సెట్ మొత్తం కాదు, హోమ్‌స్కూల్ తల్లుల దగ్గర పాత కాపీలు సగం ధరకే దొరుకుతాయి. కొన్నాక మాత్రం ఏడాది దాకా మార్చకండి. రోజుకి ఇరవై నిమిషాలు, ఏడుపు మొదలైతే ఆ పూటకి ఆపెయ్యండి, మర్నాడు నిన్నటి దానికంటే తేలిక దానితో మొదలుపెట్టండి.

మూడు నాలుగు నెలలు ఇలా గింజలతో, నోట్లతో చేశాక కూడా ఎనిమిదికి ఎంత కలిపితే పది అవుతుందో రోజూ కొత్తగా లెక్కపెట్టుకుంటున్నాడనుకోండి, అప్పుడు డిస్‌కాల్క్యులియా ఉందేమో చూపించాలి. డిస్‌లెక్సియా చదవడానికి అడ్డం వచ్చినట్టు ఇది అంకెలకి అడ్డం వస్తుంది, తెలివికి దీనికీ సంబంధం లేదు. పిల్లవాడు ఇంట్లో చదువుతున్నా సరే మీ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్ళు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కి ఉత్తరం రాసి పరీక్షించమని అడగొచ్చు, డబ్బు తీసుకోరు. ఉత్తరం కాపీ, తేదీ మీ దగ్గర ఉంచుకోండి.

మామయ్యగారితో మీరే మాట్లాడండి, ఆయనకి మనవడి మీద ప్రేమే గానీ ఇంకేం కాదు. ఎక్కాలు అడగడం ఓ ఆరు నెలలు ఆపి, వీడియోలో వాడితో కొట్టు ఆట ఆడమనండి. తాతగారు దుకాణంవాడు, వాడు కొనేవాడు, 27 రూపాయల బిస్కెట్లకి 50 ఇస్తే ఎంత చిల్లర ఇవ్వాలి? ఆయన అప్పుడప్పుడూ కావాలని రెండు రూపాయలు తక్కువ ఇస్తే ఇంకా మంచిది, పట్టుకుంటాడో లేదో చూడండి.