తుంటి జబ్బు వంశపారంపర్యమైతే క్లెయిము రాదా?

ప్రశ్న: మా మామగారికి, బావగారికి వచ్చినట్టే నా భర్తకూ తుంటి ఎముక చచ్చుబడి కీలు మార్పిడి జరిగింది. జన్యులోపమని పరీక్షలో తేలింది. పాలసీ 2021లో తీసుకున్నాం, ఎమ్మారైలో జబ్బు బయటపడింది 2024లో. ‘ముందే ఉన్న జబ్బు దాచారు’ అని కంపెనీ తిరస్కరించి 14 నెలలైంది. నగలు అమ్మి బిల్లు కట్టాం. కేసుషీటులో ‘ఆరేళ్లుగా నొప్పి’ అని ఉంది. ఆ పేజీ మార్చి ఇప్పిస్తానని ఆసుపత్రిలో ఒకరు అంటున్నారు. సరేననమంటారా?
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: వద్దమ్మా. ఆ కేసుషీటు నకలు క్లెయిముతోనే కంపెనీకి చేరింది. మీరు కొత్త పేజీ తెస్తే రెండూ పక్కపక్కన పెడతారు. గెలిచే కేసు పోవడమే కాక, భారతీయ న్యాయ సంహిత 318, 336 సెక్షన్ల కింద మోసం, ఫోర్జరీ కేసు మెడకు చుట్టుకుంటుంది.

మీ కేసును తేల్చేది మామగారి తుంటి కాదు. పాలసీ తీసుకునే నాటికే మీ భర్తకు ఈ జబ్బుందని ఏ డాక్టరైనా నిర్ధారించారా, వైద్యం చేశారా అన్నదే. సీఓఎల్2ఏ1 అనే జన్యువులో లోపం వల్ల ఈ జబ్బు ఇలా కుటుంబాల్లో దిగుతుందని తైవాన్ కుటుంబాలపై పరిశోధన 2005లోనే చూపింది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ లోపముంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగం. అయితే లోపం ఉండటం వేరు, జబ్బు నిర్ధారణ కావడం వేరు. జన్యు వ్యాధులను మినహాయింపుల్లో పెట్టరాదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాలూ చెప్పాయి.

‘ఆరేళ్లుగా నొప్పి’ అన్న మాట ఇబ్బందికరమే. కానీ డ్యూటీ డాక్టరు అడిగి రాసుకున్న ఒక్క వాక్యం జబ్బుకు రుజువు కాదు. దాచారని నిరూపించే భారం కంపెనీదే. 2021కి ముందు తీయించిన ఎక్స్‌రే గాని, మందుచీటీ గాని ఉంటే మాత్రం మీ వకీలు దగ్గర దాచకండి. ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం ఇచ్చిన దరఖాస్తు) నకలు కూడా కంపెనీ నుంచి తెప్పించుకోండి. కుటుంబంలో ఎవరికైనా జబ్బులున్నాయా అన్న ప్రశ్నకు ‘లేదు’ అని ఉందేమో చూడాలి. ఖాళీ ఫారం మీద సంతకం చేసి ఏజెంటు చేతికిచ్చి ఉంటే మీ అసలు చిక్కు అక్కడే.

ఈ 14 నెలలు ఏం చేశారు? కస్టమర్ కేర్‌కు ఎన్ని ఫోన్లు చేసినా గడువు ఆగదు. తిరస్కరణ అందిన ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లి ఉంటే ఫీజు లేకుండా, వకీలు లేకుండా తేలేది. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గాని దాని మీద ఆశ పెట్టుకోకండి.

వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల గడువు ఉంది, అంటే ఇంకా పది నెలలు. మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన ప్రీమియం ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. తిరస్కరణ లేఖ, పాలసీ, ఎమ్మారై రిపోర్టు, తుంటి నొప్పికి మొదటిసారి చూపించుకున్న ఓపీ చీటీ, అసలు బిల్లులు జతచేయండి. జబ్బు మొదట ఏ తేదీన నిర్ధారణ అయిందో ఆపరేషన్ చేసిన సర్జనుతో రాయించి, అఫిడవిట్ కూడా తీసుకోండి. ఆయన ఊరు మారకముందే, ఈ వారంలోనే ఆ పని చూడండి.